గుండె తలుపు ఇరుకైతే...

నాలుగు మెట్లెక్కితే ఆయాసం. 'ఒంట్లో రక్తం తక్కువై ఉంటుంది' అంటారు ఇంట్లోవాళ్లు. రాత్రి పడుకుంటే దగ్గు, ఊపిరాడక లేచి కూర్చోవడం. 'ఉబ్బసమేమో' అని మందులు మొదలవుతాయి. గర్భిణి అయితే 'కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్రం మామూలే' అని సరిపెట్టేస్తారు. అవన్నీ నిజమే కావచ్చు. గుండెలో ఓ తలుపు సరిగా తెరుచుకోకపోవడమూ కారణం కావచ్చు.

ఆ తలుపు పేరు మైట్రల్ వాల్వు. గుండెకు ఎడమవైపున పైగదికీ కిందిగదికీ నడుమ ఉంటుంది. పెద్దల్లో పూర్తిగా తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి. అది 1.5కి దిగిందంటే జబ్బు తీవ్రమైనట్టే. రక్తం ముందుకు కదలక పైగదిలో ఒత్తిడి పెరిగి, ఊపిరితిత్తులకు పాకుతుంది. అంటే... రోగం గుండెలో, బాధ ఊపిరితిత్తుల్లో!

మన దేశంలో దీనికి మూలం చాలావరకు చిన్ననాటి గొంతునొప్పే. 5 నుంచి 15 ఏళ్లలోపు పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో వచ్చిన గొంతునొప్పి తగ్గాక, రెండు మూడు వారాలకు కొందరిలో జ్వరం వస్తుంది. మోకాళ్లు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాస్తాయి. ఇదే రుమాటిక్ జ్వరం. కీళ్లు బాగైపోతాయి. వాల్వు రెక్కలు మాత్రం ఏళ్ల తరబడి మందమవుతూ, అంచుల దగ్గర అతుక్కుంటూ పోతాయి. ఈ పాత సంగతి రోగికి గుర్తుండదు, అమ్మనడిగితే తెలుస్తుంది.

గర్భం దాల్చాక ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన ఇరుకు వాల్వు ఇక తట్టుకోలేదు. జబ్బు తొలిసారి బయటపడేది చాలామందిలో అప్పుడే. వెల్లకిలా పడుకోలేకపోవడం, కళ్లెలో రక్తపు జీర... వీటిని మామూలనుకోకూడదు.

1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కనిపెట్టిన స్టెతస్కోపు నేటికీ మొదటి ఆధారం. రోగిని ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి వింటే, దూరాన ఉరిమినట్టు మంద్రమైన శబ్దం వినిపిస్తుంది. రద్దీ ఓపీలో దాన్ని పట్టుకోవడం కష్టమే. అనుమానం తీర్చేది ఎకో పరీక్ష. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, గర్భిణులకూ భయం లేదు. దారి ఎంత ఉందో, రెక్కలు ఎంత బిగుసుకున్నాయో, రక్తం వెనక్కి లీకవుతోందో లేదో అందులో తెలిసిపోతుంది. ఈసీజీలో లయ తప్పినట్టు కనిపిస్తే మరింత జాగ్రత్త అవసరం. సాగిపోయిన పైగదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే.

రెక్కలు మెత్తగా ఉంటే ఆపరేషన్ లేకుండానే దారి తెరవొచ్చు. జపాన్ వైద్యుడు కాంజీ ఇనోవె 1982లో ఆరంభించిన పద్ధతి ఇది. తొడ దగ్గరి సిర గుండా బెలూన్ పంపి, వాల్వు మధ్య ఉబ్బిస్తారు. లోపల గడ్డ ఏదీ లేదని తేల్చుకోవడానికి ముందుగా అన్నవాహిక గుండా మరో ఎకో తీస్తారు. సున్నం పేరుకున్న, బాగా లీకవుతున్న వాల్వుకైతే శస్త్రచికిత్సే దారి. బెలూన్ చేయించుకున్నా జ్వరం తిరగబెట్టకుండా వేసే పెన్సిలిన్ ఇంజక్షన్లు మాత్రం, మూడు నాలుగు వారాలకోసారి, వైద్యులు ఆపమనేదాకా కొనసాగాల్సిందే.