మీకు తెలుసా? కంటి ఫొటోలో గుండె కబురు

సింగపూర్‌ తూర్పున బెడోక్‌లో ‘హార్ట్‌బీట్ ఎట్ బెడోక్’ అనే పెద్ద భవనం ఉంది. లైబ్రరీ, ఈతకొలనులు, పాలీక్లినిక్ అన్నీ ఒక్కచోటే. షుగర్ ఉన్నవాళ్లకు ఆ పాలీక్లినిక్‌లో రెటీనా ఫొటో తీస్తారు. చూపు దెబ్బతినకముందే రెటీనా జబ్బును పట్టుకోవడానికే అది. అయితే అలాంటి ఫొటోలోని రక్తనాళాలను కంప్యూటరే కొలిచి, గుండెజబ్బు ముప్పు గురించి కూడా చెప్పగలదని మీకు తెలుసా?

ఒంటి మీద కోత పెట్టకుండా రక్తనాళాలను నేరుగా చూడాలంటే కంటికి మించిన చోటు లేదు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆప్తాల్మోస్కోప్‌ను లోకానికి పరిచయం చేసినప్పటి నుంచి డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. చూడటం వేరు, కొలవడం వేరు. సింగపూర్ ఐ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, నేషనల్ యూనివర్సిటీ కంప్యూటర్ నిపుణులు కలిసి ఆ కొలత కోసమే ‘సివా’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. కంటినరం రెటీనాలోకి వచ్చే గుండ్రటి మచ్చను అది ముందు గుర్తిస్తుంది. దాని చుట్టూ వలయం గీసి, అందులో బాగా లావైన ఆరు ధమనులు, ఆరు సిరల వెడల్పు లెక్కిస్తుంది. ధమని సన్నగా, లేతరంగులో ఉంటుంది. సిర లావుగా, ముదురుగా ఉంటుంది. మామూలుగా వాటి వెడల్పులు 2:3 పాళ్లలో ఉంటాయి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ధమనులు ఇంకా సన్నబడతాయి; గుండెజబ్బు ముప్పుకు అదో సూచన.

చిక్కంతా ధమనులు, సిరలు ఒకదాన్నొకటి దాటే చోటే. ఏది ధమనో, ఏది సిరో సాఫ్ట్‌వేర్ తడబడేది. మనిషి పక్కన కూర్చుని దిద్దాల్సి వచ్చేది. 70,000కు పైగా ఫొటోలతో రూపొందించిన డీప్ లెర్నింగ్ పద్ధతి వచ్చాక ఆ దిద్దుబాటు అక్కర్లేకపోయింది.

సివా, ‘సెలీనా ప్లస్’ అనే మరో సాఫ్ట్‌వేర్ ఒకటి కాదు. అదీ సింగపూర్‌దే, కానీ షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు లాంటివాటిని పట్టుకోవడం దాని పని. 2017లో వెలువడిన దాని పరిశోధనలో దాదాపు 5 లక్షల ఫొటోలు వాడారు.

నాళాల వెడల్పు చూసి ఒక మనిషికి గుండెపోటు వస్తుందని తేల్చేయడం తొందరపాటని నా నమ్మకం. బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షల పక్కన పెట్టి చూడాల్సిన కొలత ఇది. అయినా మనం పట్టించుకోవాల్సిందే. ఎందుకంటే 2007–2009 మధ్య సింగపూర్‌లో 40 దాటిన సుమారు 3,400 మంది భారతీయ సంతతివాళ్లకు కంటి పరీక్షలు చేసి, వాళ్ల రెటీనా నాళాలను కూడా ఇలాగే కొలిచారు.