అంతరిక్ష జ్ఞాపికల పుట్టుపూర్వోత్తరాలు

నాణేలు, తపాలా బిళ్లలు సేకరించేవారు మనకు కొత్త కాదు. గత అర్ధ శతాబ్దిలో ఈ అభిరుచి ఆకాశాన్ని కూడా అందుకున్నది. వ్యోమనౌకకు చుట్టిన బంగారు వన్నె పొర తునక, రాకెట్ నుండి ఊడిపడిన రేకు, వ్యోమగామి వాడిన సంచి, చంద్రుని ధూళి కూడా వేలం పాటలకు వస్తున్నాయి. ఈ వస్తువు నిజంగా అక్కడికి వెళ్లి వచ్చినదేనా అన్న సందేహం కూడా వాటి వెంటే వస్తున్నది. దానిని తీర్చడంలో ప్రయోగశాలకు ఎంత పాత్ర ఉన్నదో, గుమాస్తా వ్రాసే రిజిస్టరుకు కూడా అంత పాత్ర ఉన్నది.

రాయి చెప్పే సాక్ష్యం

నెదర్లాండ్స్ మాజీ ప్రధాని విల్లెం డ్రేస్‌కు 1969లో అమెరికా రాయబారి ఒక రాయిని బహూకరించారు. ఆయన మరణానంతరం అది చంద్రశిల అన్న పేరుతో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రసిద్ధ రైక్స్ మ్యూజియం చేరింది. 2009లో శాస్త్రజ్ఞులు పరీక్షించగా అది రాయిగా మారిన కొయ్య అని తేలింది. చంద్రునిపై చెట్లు మొలవవు కనుక వాదనకు తావే లేకపోయింది. నిజానికి ప్రయోగశాలకు పోకముందే చిన్న లెక్కతో అనుమానం కలుగవలసినది. ఆ రాయి తూకం 89 గ్రాములు. అపోలో 11 యాత్ర తెచ్చిన నమూనాలనుండి అమెరికా ఒక్కొక్క దేశానికి బహూకరించినది గ్రాములో ఇరవయ్యవ వంతు, అంటే 0.05 గ్రాము మాత్రమే. దేశాలకే రవ్వంత పంచినవారు పదవి దిగిన ఒక నాయకునికి అంత పెద్ద రాయి ఇస్తారా?

చంద్రశిలకు తనదైన లక్షణాలున్నాయి. ఆరు అపోలో యాత్రలు తెచ్చిన 382 కిలోల నమూనాలు పోల్చి చూడడానికి ఆధారంగా ఉన్నాయి. నీటిని ఇముడ్చుకున్న అభ్రకం, బంకమన్ను వంటి ఖనిజాలు వాటిలో కనిపించవు. ఇనుము తుప్పుగా కాక సన్నని లోహపు రేణువులుగా ఉంటుంది. కొన్ని ఖనిజాలలో ఇనుముకు, మాంగనీసుకు గల నిష్పత్తి భూమి రాళ్లలో కంటె బాగా ఎక్కువ. చంద్రుని నేలపై బయటపడి ఉన్న రాళ్ల మీద సూక్ష్మ ఉల్కలు తాకిన గాజు పూత గుంటలుంటాయి. ఉల్కగా భూమికి రాలిన చంద్రశిలకైతే గాలి రాపిడికి పైపొర కరిగి నల్లని పెంకు కడుతుంది.

అయితే రాయి నిజమైనంత మాత్రాన అమ్మేవాని హక్కు నిజమవదు. అపోలో యాత్రలు తెచ్చిన శిలలు అమెరికా ప్రభుత్వపు ఆస్తి. బహుమతిగా వెళ్లినవి ఆయా దేశాల సొత్తు. హోండూరాస్‌కు ఇచ్చిన 1.142 గ్రాముల శిల చేతులు మారి 50 లక్షల డాలర్లకు బేరానికి రాగా, 1998లో అమెరికా అధికారులు మారువేషంలో వలపన్ని దానిని స్వాధీనం చేసుకున్నారు. ఆ రాయి అసలైనదే, అమ్మకమే చెల్లనిది.

మనిషి చేసిన పదార్థాలు

మనిషి తయారుచేసిన వస్తువుల విషయం ఇంకా చిక్కైనది. అపోలో నౌకకు చుట్టిన కాప్టన్ పొర తునకలు జ్ఞాపికలుగా విస్తారంగా అమ్ముడవుతాయి. కాప్టన్ తేనె రంగు గల ఒక ప్లాస్టిక్ పొర. వెనుక పూసిన అల్యూమినియం వలన బంగారంలా మెరుస్తుంది. దానిని గుర్తుపట్టడం తేలిక. కాని నింగికి వెళ్లిన తునకకు, గిడ్డంగిలోనే ఉండిపోయిన తునకకు రసాయన నిర్మాణంలో తేడా లేదు. భూమికి సమీప కక్ష్యలో ఏళ్ల తరబడి తిరిగిన పొరనైతే అక్కడి ఆక్సిజన్ పరమాణువులు కొరికి మసకబారుస్తాయి. చంద్రునికి వెళ్లి కొద్ది రోజులలోనే తిరిగి వచ్చిన నౌకపై అటువంటి గుర్తును ఆశించలేము.

లోహానికి మరొక విధమైన జ్ఞాపకం ఉంటుంది. విశ్వకిరణాల తాకిడికి అల్యూమినియంలో సోడియం-22, ఉక్కులో మాంగనీసు-54 అనే రేడియోధార్మిక పరమాణువులు పుడతాయి. దాదాపు ఆరేళ్లు కక్ష్యలో ఉండి 1990లో షటిల్ ద్వారా తిరిగి వచ్చిన ఎల్‌డెఫ్ అనే ఉపగ్రహంపై శాస్త్రజ్ఞులు వీటిని కొలిచారు. కాని సోడియం-22 అర్ధాయువు 2.6 సంవత్సరాలే. 26 ఏళ్లు గడిస్తే పుట్టినదానిలో వెయ్యవ వంతు కూడా మిగలదు. యాభై ఏళ్ల నాటి అపోలో రేకు విషయంలో ఈ సాక్షి ఏనాడో మూగవోయాడు.

కాబట్టి పరీక్ష అబద్ధాన్ని పట్టివ్వగలదు. నిజాన్ని పూర్తిగా నిలబెట్టడానికి మాత్రం అనేక సందర్భాలలో దాని శక్తి చాలదు. అక్కడ కాగితం తోడు రావాలి.

995 డాలర్ల సంచి

ఇందుకు అపోలో 11 సంచిని మించిన ఉదాహరణ లేదు. చంద్రునిపై నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ మొట్టమొదట సేకరించిన మట్టి నమూనాను ఉంచిన సంచి అది. జాబితాలో దాని వివరాలు వేరొక యాత్రకు చెందిన సంచి వివరాలతో కలిసిపోయాయి. ఫలితంగా 2015లో ప్రభుత్వ వేలంలో ఒక మహిళ దానిని 995 డాలర్లకే కొన్నారు. పరీక్ష కోసం ఆమె నాసాకు పంపగా అందులో చంద్రధూళి బయటపడింది. సంచిపై ఉన్న భాగపు సంఖ్య దానిని అపోలో 11తో ముడివేసింది. నాసా తిరిగి ఇవ్వడానికి నిరాకరించడంతో వివాదం న్యాయస్థానానికి వెళ్లింది. ఆమె సద్భావంతో కొన్నారని 2016లో తీర్పు వచ్చింది. 2017 జూలై 20న సోథ్‌బీస్ వేలంలో ఆ సంచి 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

ధూళి అది చంద్రునిదని చెప్పింది. భాగపు సంఖ్య ఏ యాత్రదో చెప్పింది. మొదటిది లేకపోతే అది పాత గుడ్డసంచి. రెండవది లేకపోతే ఊరు పేరు లేని సంచి.

నింగి నుండి రాలిన ముక్కలు

వేలానికి రాకుండా నేరుగా ఆకాశం నుండి రాలిపడే వస్తువులూ ఉన్నాయి. 1979 జూలైలో స్కైలాబ్ తమ నెత్తినే పడుతుందేమోనని తెలుగు పల్లెలు గడగడలాడిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. చివరకు దాని శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. మొదటి ముక్క తెచ్చినవారికి ఒక అమెరికా పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతి ఎస్పెరెన్స్ పట్టణపు పదిహేడేళ్ల కుర్రవానికి దక్కింది.

అదే పశ్చిమ ఆస్ట్రేలియాలో, గ్రీన్ హెడ్ సముద్రతీరానికి 2023 జూలైలో పెద్ద గుండిగ వంటి వస్తువు కొట్టుకువచ్చింది. అది మన పి.ఎస్.ఎల్.వి. మూడవ దశకు చెందినదై ఉండడానికే ఎక్కువ అవకాశమున్నదని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ ప్రకటించింది. ఆ దశ మోటారు తొడుగు లోహంతో చేసినది కాదు, కెవ్లార్ నారతో అల్లినది. తయారీలో ఎంచుకున్న పదార్థం కూడా ఇటువంటి వేళ ఇంటిపేరులా పనికివస్తుంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఇటువంటి శకలం ఎక్కడ పడినా దాని యాజమాన్యం మారదు. దొరికినంత మాత్రాన అది దొరికినవారి సొంతం కాదు.

మనకు పాఠం

జ్ఞాపికలు కొనదలచిన మిత్రులు మెరుపు చూసి మోసపోరాదు. అపోలో చంద్రశిల అమ్ముతామన్నవారికి దూరంగా ఉండడమే మేలు. మిగిలినవాటి విషయంలో వస్తువు ఏ చేతి నుండి ఏ చేతికి మారిందో తెలిపే పత్రాలు అడగాలి. ఎవరో సంతకం చేసిన ధ్రువపత్రం ఒక్కటే చాలదు. సంఖ్యలు, తేదీలు, తూకాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి.

కర్మాగారాలలో పనిచేసే మనకు ఇది తెలియని విద్య కాదు. కొలిమి నుండి వచ్చిన ప్రతి ఉక్కు దిమ్మకు హీట్ నంబర్ వేస్తాము. ప్లేటును కోసినప్పుడు ఆ నంబరును ప్రతి ముక్కపైకి మార్చి గుద్దుతాము. స్పెక్ట్రోమీటర్ ఆ లోహం ఏమిటో చెబుతుంది. ఏ రోజు, ఏ కొలిమిలో పుట్టిందో చెప్పేది ఆ నంబరే. పని ఒత్తిడిలో నంబరు మార్చి గుద్దడం మరచిన ముక్క ఎంత మేలిమిదైనా అనాథే. రేపు ఏ బాయిలరులోనో పగులు కనిపించి దాని తోబుట్టువులైన ముక్కల కోసం వెదకవలసి వస్తే, ఆ నంబరు లేని లోటు మనుషుల ప్రాణాల మీదికి రావచ్చు. ఒక జాబితాలో దొర్లిన తప్పు చంద్రుని చూసి వచ్చిన సంచిని 995 డాలర్ల సరుకుగా మార్చింది. మన రిజిస్టరులో నేడు వ్రాసే ఒక్కొక్క అంకెకు కూడా అంతటి బరువున్నది.