రైతుల మడతచాకు: ఎన్నిక, పదును, సవరణ

బోనకల్లు, మధిర ప్రాంతములలో ప్రత్తి, మిరప, వరి పండించు రైతు పొలమునకు బయలుదేరునప్పుడు మొలలోనో జేబులోనో ఒక చిన్న మడతచాకు ఉండుట వాడుక. ఎరువు బస్తా కుట్టు విప్పుటకు, నైలాను త్రాడు కోయుటకు, నీటిగొట్టము చివర సరిచేయుటకు, మామిడి అంటునకు పుల్ల చెక్కుటకు, పశువు మెడకు బిగిసిన పలుపును తక్షణము తెంపుటకు అదియే సాధనము. కొడవలికిని గొడ్డలికిని కమ్మరి కొలిమి కలదు. ఈ చిన్న చాకు సంగతి చూడవలసినవాడు మాత్రము దాని యజమానియే. అతడు చూడనిచో రెండు నష్టములు కలుగును. మంచి ఉక్కు ఒక్క దినమున పాడగును. లేదా వదులైన చాకు పని నడుమ మూసికొని వ్రేలు తెగును. ఈ రెండును నివారింపదగినవే.

చాకు కొనునప్పుడు పిడి నిగనిగను చూచి మోసపోరాదు. పొలము పనికి రెండున్నర మొదలు మూడు అంగుళముల అలుగు చాలును. అంతకు మించినది జేబునకు బరువు, పనికి అడ్డు. చాకును పూర్తిగా తెరచి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. అలుగు మొదలును, పిడి వెన్నున నుండు కమాను బద్దయు కలిసికొను చోట వెలుగు కనబడినచో పనితనము తక్కువ యని తెలియవలెను. అలుగు కొనను పట్టి ప్రక్కలకు మెల్లగా కదల్చినప్పుడు ఆడరాదు. మూసినప్పుడు కొన పిడిలో పూర్తిగా దాగవలెను; లేనిచో అది జేబును చింపును, పిమ్మట చేతిని గీరును. తెరచిన అలుగు కదలకుండ నిలుపు గడియ గల చాకులు కొంత ప్రియమైనను, బలముగా నొక్కి కోయు పనులకు అవియే మేలు. గడియ లేని చాకుతో పొడుచుట గాని, దాని కొనతో డబ్బా మూత పెల్లగించుట గాని ఎన్నటికిని చేయరాదు.

ఉక్కు రెండు విధములు. క్రోమియము కలిసినది సులభముగా తుప్పు పట్టదు గాని, సానరాతిపై ఎక్కువ సేపు రుద్దవలెను. వట్టి కర్బనపు ఉక్కు త్వరగా పదునెక్కును; అయితే నిమ్మకాయ కోసి తుడువక మడిచినచో తెల్లవారునప్పటికి నల్లబడును. ఒళ్లు వంచి తుడుచుకొను అలవాటు గలవానికి రెండవదియే తగును, తక్కినవారికి మొదటిది. దుకాణదారుడు ఒప్పుకొన్నచో అలుగు మొదటి భాగమున, కనబడని చోట, నునుపైన ఆకురాయిని ఒకసారి నడిపి చూడవలెను. ఆకురాయి జారిపోయినచో ఉక్కునకు పానము గలదు. మెత్తగా దిగి పొడి రాల్చినచో ఆ చాకునకు ఎంత పదును పెట్టినను నిలువదు.

పానమనగా నేమో ఇచ్చట కొంత వివరింపవలసి యున్నది. ఏలయన చాకులు ఎక్కువగా చెడుట ఇది తెలియకపోవుటచేతనే. ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీటనో నూనెలోనో ముంచినప్పుడు అది గాజువలె గట్టిపడి పెళుసగును. దానిని మరల తక్కువ వేడిమిని కాచినప్పుడు మెఱుగు పెట్టిన ముఖముపై రంగులు క్రమముగా పుట్టును. సుమారు 230 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఎండుగడ్డి రంగు వచ్చును. అది వాదరకు తగిన స్థితి. వేడిమి 300 డిగ్రీల దరిని చేరినప్పుడు నీలిరంగు వచ్చును. నీలిరంగు వచ్చిన ఉక్కు కమానునకు పనికివచ్చును గాని, కోయు వాదరకు మెత్తనిది.

ఉక్కు వేడిమికి ఎంత లోబడునో ఈ దేశపు కమ్మరులు బహుకాలము క్రిందటనే యెఱుగుదురు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరిగించి తీసిన ఉక్కుముద్దలను కొనుటకు పారసీక దేశపు వర్తకులు వచ్చుచుండిరి. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను ఉన్న హెన్రీ వాయ్సీ ఆ పనిని స్వయముగా చూచి వ్రాసెను. ఆ వ్రాత 1832లో, అతని మరణానంతరము, అచ్చయ్యెను. అట్టి ముద్దలను ఐరోపా కమ్మరులు తమ వాడుక చొప్పున మిక్కిలి కాల్చి కొట్టగా అవి పగిలిపోయెడివి. తక్కువ వేడిమిని ఓర్పుతో సాగగొట్టిన తూర్పు దేశముల వారికే అవి కత్తులైనవి.

ఇంత శ్రమతో వచ్చిన గుణమును సంతలోని సానచక్రము అర నిమిషములో పోగొట్టగలదు. వేగముగా తిరుగు పొడిచక్రమునకు పలుచని వాదరను ఆనించినప్పుడు మిణుగురులు ఎగయును, అంచు నీలముగా మాఱును. పిమ్మట నీట ముంచినను పోయిన పానము తిరిగి రాదు. కొందఱు సానవాండ్రు ఆ నీలిమను మెఱుగు చక్రముతో తుడిచి ఇత్తురు. రంగు పోవును గాని మెత్తదనము అట్లే యుండును. అట్టి చాకు ఇంటికి వచ్చిన దినమున తళతళ మెఱసి, మూడవ నాటికి మొద్దువారును. కావున చక్రమునకు ఇయ్యక తప్పనిచో యజమాని దగ్గఱ నిలిచి, ప్రతిమారును నీట ముంచి పట్టుమని చెప్పవలెను. వ్రేలితో ముట్టి ఓర్వలేనంత వేడెక్కక మునుపే ఆపించవలెను. నీలమైన భాగము వెండ్రుకవాసి మాత్రమే యైనచో ఇంటి రాతిపై దానిని మెల్లగా అరగదీసివేయవచ్చును. లోతుగా పోయినచో అలుగును పిడినుండి ఊడదీసి, మరల పానము పెట్టింపవలసినదే.

ఇంట సానబట్టుటకు గరుకు, నునుపు ముఖములు గల కార్బోరండము రాయి ఒకటి చాలును. రాయి నడుమ పల్లము పడియున్నచో చదునైన బండపై తడి ఇసుక చల్లి, దానిపై రుద్ది సమము చేయవలెను. రాతి క్రింద తడిగుడ్డ పరచినచో జారదు. అలుగును ఏ వాలున పట్టవలెనన్నదే అందఱకును కష్టముగా తోచును. సాధారణ పనులకు ఒక్కొక్క ప్రక్క 20 డిగ్రీల వాలు తగినది. ముప్పాతిక అంగుళము వెడల్పు గల అలుగునకు వెన్నును రాతినుండి పావు అంగుళము ఎత్తినచో ఆ వాలు వచ్చును. ఆ ఎత్తున చిన్న చెక్కముక్క కోసి మొదట ఆధారముగా పెట్టుకొన్నచో కొలది దినములలో చేతికే తెలియును. వాదర వెంట నల్లసిరా పూసి రెండుమార్లు రుద్ది చూచినచో రాయి ఎచ్చట తగులుచున్నదో తెలియును. సిరా అంచున మిగిలియున్నచో వెన్నును కొంచెము ఎత్తవలెను. పైభాగమున మిగిలియున్నచో కొంచెము దించవలెను.

ఒక ప్రక్కనే రుద్దుచుండగా రెండవ ప్రక్క అంచున గరుకైన సన్నని మడత పుట్టును. వ్రేలిని వెన్నునుండి అంచువైపు మెల్లగా జార్చినప్పుడు అది తగులును. మొదలునుండి కొనవఱకు అది పుట్టిన పిమ్మటనే రెండవ ప్రక్క త్రిప్పవలెను. తొందరపడువారు ఇచ్చటనే పొరబడుదురు. రెండు ప్రక్కలును ముగిసిన పిమ్మట నునుపు ముఖముపై బలము పెట్టక, ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్క మారుగా పది పండ్రెండు మార్లు నడిపి, తుదకు తోలుపట్టీపై వాదరను వెనుకకు ఈడ్చవలెను. అంట్లు కట్టు చాకునకు మాత్రము వాలు ఒక ప్రక్కనే యుండవలెను. రెండవ ప్రక్కను రాతిపై బల్లపరుపుగా ఆనించి ఆ మడతను మాత్రము తీయవలెను. ఒక్క కోతతో చదునైన ముఖము వచ్చినగాని పుల్లయు మొక్కయు సందులేక అతుకవు.

కీలు సంగతి. ప్రత్తి నూగు, రేగడి ధూళి పిడి గాడిలో చేరి తేమను పట్టి యుంచును. వారమున కొకమారు చీపురుపుల్లతో గాడిని శుభ్రపరచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క ఇరుసువద్ద వేయవలెను. ఆముదము చిక్కన, ధూళిని పట్టుకొనును. అవిసెనూనె ఆరి బంకయగును గనుక కీలునకు పనికిరాదు. అదే గుణముచేత కొయ్యపిడికి మాత్రము శ్రేష్ఠము. ఇరుసు మరచీలయైనచో, వదులైనప్పుడు చుట్టులో ఎనిమిదవ వంతు మాత్రము బిగించి చూడవలెను. మేకుతో బిగించినదైనచో మేకు ఒక తలను ఇనుప దిమ్మెపై ఆనించి, రెండవ తలపై చిన్న సుత్తితో రెండు మూడు దెబ్బలు మెల్లగా కొట్టి, తెరచి మూసి చూచి, అవసరమైన మరల కొట్టవలెను. ఒకేసారి బిగించినచో అలుగు కదలదు. అలుగునకును పిడి రేకునకును నడుమ పలుచని కాగితము ముందుగా దూర్చి, పని ముగిసిన పిమ్మట లాగివేసినచో కావలసినంత సందు నిలుచును.

కొన బయటికి పొడుచుకొని వచ్చు చాకును సవరించు మార్గము కలదు. మడిచినప్పుడు అలుగు మొదట నుండు చిన్న మడమ కమానుపై ఆనును. ఆ మడమను ఆకురాయితో రవ్వంత అరగదీసినచో అలుగు లోనికి దిగును. ఎక్కువ తీసినచో వాదర కమానునకు తగిలి మడిచిన ప్రతిసారియు మొద్దువారును. కావున రెండుమార్లు రుద్ది ఒకసారి మడిచి చూడవలెను.

పిడిని ఎవరి చేతికి తగినట్లు వారు మార్చుకొనవచ్చును. వడ్రంగి వద్ద మిగిలిన జిట్రేగి లేక తుమ్మ ముక్కలు, గేదెకొమ్ము బద్దలు మంచివి. అడవి దరి గ్రామములలో దొరకు జింకకొమ్మును మాత్రము వాడరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద చిక్కులు వచ్చును. చెమటకు జారు పిడికి ఆకురాయితో అడ్డగీతలు పెట్టవచ్చును. పశువుల నడుమ పనిచేయువారు చాకు వాడికొనను వెన్నువైపునుండి గుండ్రముగా అరగదీయించుకొనుట మేలు. పశువు అదరినప్పుడు గుచ్చుకొనదు. పిడిపై ఎఱ్ఱరంగు పూయుట పిల్లచేష్టగా తోచవచ్చును గాని, గడ్డిలో జారిన చాకును వెదకినవాడు దాని విలువ నెఱుగును.

నిమ్మ, బత్తాయి తోటలు గలవారు ఒక విషయము గమనింపవలెను. రంగపూరు నిమ్మ మొక్కపై కట్టిన చెట్లకు బెరడు పెచ్చులూడి, చెట్టు గిడసబారు ఎక్సోకార్టిస్ తెగులు చాకు వెంటనే చెట్టునుండి చెట్టునకు పోవును. చాకును నిప్పున చూపుట వలన ఈ తెగులు పోదు, పానము మాత్రము పోవును. బట్టలకు వాడు బ్లీచింగు ద్రవము ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపి, చెట్టు మారునప్పుడెల్ల అలుగును అందు ముంచవలెను. పని ముగియగానే మంచినీట కడిగి, తుడిచి, నూనె రాయవలెను. లేనిచో ఉక్కు గుంటలు పడును.

చేయి తెగినచో పేడయు, సున్నమును, పసరును పెట్టక, సబ్బుతోను ధారనీటితోను బాగుగా కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టి, ధనుర్వాతపు టీకా కొఱకు వైద్యుని వద్దకు పోవలెను. గాయము చిన్నదని ఊరకుండరాదు.

చాకు ఉంచుకొనుటకు అనుమతి కావలెనాయని కొందఱు సందేహింతురు. 1959 నాటి ఆయుధ చట్టము క్రింది నిబంధనలలో పేర్కొన్నవి 9 అంగుళముల కంటె పొడవైన, లేక 2 అంగుళముల కంటె వెడల్పైన అలుగులు గలవి. అందును సేద్యమునకును గృహకృత్యములకును చేసినవానికి మినహాయింపు కలదు. మూడు అంగుళముల మడతచాకు ఆ కొలతకు చాల లోబడినదే. అయినను తనిఖీ జరుగు చోట్ల దానిని పుచ్చుకొందురు గనుక, కోర్టు పనికి పోవు దినమున చాకును ఇంటనే ఉంచి పోవలెను.