మోగిన బజర్ ఏం చెబుతుంది? ఇంటి తయారీ యూఎఫ్ఓ డిటెక్టర్లు: అపోహలు – వాస్తవాలు

గుర్తుతెలియని ఎగిరే వస్తువులు, అంటే యూఎఫ్ఓలు, సమీపించినప్పుడు దిక్సూచి ముల్లు చలిస్తుందనీ కార్ల ఇంజన్లు ఆగిపోతాయనీ 1950ల నుంచి అమెరికాలో ప్రచారమైన కథనాలే ఈ పరికరాలకు మూలం. వీటిలో అతి సరళమైన దానిలో, సన్నని తీగకు వేలాడే అయస్కాంతపు కడ్డీ చుట్టూ లోహపు వలయాన్ని అమర్చుతారు. కడ్డీ కదిలి వలయాన్ని తాకగానే విద్యుత్ ప్రవహించి బజర్ మోగుతుంది.

అపోహ: బజర్ మోగిందంటే ఆకాశంలో ఏదో ఉన్నట్టే.

వాస్తవం: కడ్డీకి తెలిసేది కదలిక మాత్రమే, దాని కారణం కాదు. గాలి, నేల అదురు, ఇనుప గేటు తెరుచుకోవడం, లిఫ్టు, వీధిలో లారీ, వీటిలో ఏదైనా బజర్‌ను మోగించగలదు. కడ్డీకి బదులు తీగచుట్టను వాడే నమూనాలు మారుతున్న క్షేత్రానికే స్పందిస్తాయి కనుక, ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ హోరును ముందుగా పట్టుకుంటాయి. నగరపు అలజడి శాస్త్రీయ కొలతలనే చెరపగలదు. ముంబయిలో విద్యుత్ ట్రాములు రానున్నాయని తెలిసి, కొలాబా అబ్జర్వేటరీలోని అయస్కాంత కొలతలను 1904లో అలీబాగ్‌కు తరలించవలసి వచ్చింది.

అపోహ: కిలోమీటర్ల దూరంలోని వస్తువును కూడా ఈ పరికరం పసిగడుతుంది.

వాస్తవం: ఈ నమ్మకాన్ని లెక్కే కొట్టివేస్తుంది. ఏ అయస్కాంతం ప్రభావమైనా, దాని పరిమాణంతో పోలిస్తే ఎక్కువ దూరంలో, దూరపు ఘనానికి విలోమ నిష్పత్తిలో తగ్గుతుంది, అంటే దూరం పది రెట్లైతే ప్రభావం వెయ్యో వంతుకు పడిపోతుంది. హైదరాబాద్ పరిసరాల్లో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40,000 నానోటెస్లాలు (నానోటెస్లా అంటే టెస్లాలో వంద కోట్లో వంతు) కనుక, దిక్సూచి ముల్లు ఒక్క డిగ్రీ తిరగాలంటే దానికి అడ్డంగా 700 నానోటెస్లాల క్షేత్రం కావాలి. కిలోమీటరు దూరంలోని చిన్న వస్తువు అంతటి క్షేత్రాన్ని కలిగించాలంటే, దానికి 10 మీటర్ల దగ్గర క్షేత్రం పది లక్షల రెట్లు, అంటే 0.7 టెస్లా, ఉండి తీరాలి. ఆసుపత్రి ఎంఆర్ఐ యంత్రాల్లో ఎక్కువగా ఉండేది 1.5 టెస్లాలు. అంతటి అయస్కాంతం ఊరి మీదుగా పోతే ఇంట్లో బజర్ ఒక్కటే మోగి ఊరుకోదు. 10 కిలోమీటర్ల దూరంలోని అబ్జర్వేటరీలో సైతం 0.7 నానోటెస్లాల గుర్తు నమోదవుతుంది.

అపోహ: కార్లు ఆగిపోవడమే బలమైన అయస్కాంత క్షేత్రానికి రుజువు.

వాస్తవం: 1957 నవంబరులో టెక్సస్‌లోని లెవెలాండ్ దగ్గర పలువురు డ్రైవర్లు ఇలాంటి అనుభవాన్ని చెప్పారు. వారి మాటను తేలిగ్గా కొట్టివేయనక్కరలేదు; అయితే అయస్కాంతమే కారణమన్నది పరీక్షించదగిన వాదన. కారు ఉక్కు బాడీ మీద తయారీ నాటి అయస్కాంత ముద్ర నిలిచిపోతుంది, బలమైన క్షేత్రం తగిలితే ఆ ముద్ర మారిపోతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ నాయకత్వంలో సాగిన అధ్యయనం, యూఎఫ్ఓ వల్ల ఆగిందన్న ఒక కారును ఈ పద్ధతిలో పరిశీలించి, అదే మోడల్‌కు చెందిన వేరొక కారుతో పోల్చగా, ముద్రలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

అపోహ: ఇలాంటి పరికరాలు పిల్లల ఆటకే తప్ప దేనికీ పనికిరావు.

వాస్తవం: ఈ కొట్టివేత కూడా అన్యాయమే. గాజు సీసాలో దారానికి వేలాడే అయస్కాంతానికి చిన్న అద్దం అతికించి, దాని మీద పడి ప్రతిఫలించే వెలుగు గోడపై ఎంత జరిగిందో గుర్తిస్తే, సూర్యుడి నుంచి వెలువడిన ఆవేశిత కణాల ప్రవాహం భూక్షేత్రాన్ని కలవరపరిచే భూ అయస్కాంత తుఫానుల్లో బలమైనవి దొరుకుతాయి; 2024 మే 10–11 తేదీల తుఫాను అలాంటిదే. ఇందుకు బజర్‌ను వదిలి, నిరంతరం సమయంతో సహా నమోదు చేయడం అవసరం. రెండు పరికరాలను ఎడంగా ఉంచి, వాటి రికార్డులను అబ్జర్వేటరీ రికార్డుతో పోల్చాలి. మూడింటిలోనూ ఒకేసారి కనిపించే మార్పు సాధారణంగా సూర్యుడి ప్రభావంతో పుట్టినది. ఒక్క పరికరంలోనే కనిపించిన మార్పుకు కారణాన్ని ముందుగా ఆ ఇంట్లోనో, ఆ వీధిలోనో వెతకాలి.