రసి పీల్చే స్పంజు.. మానని పుండుకు కట్టు

భీమవరం: రొయ్యల చెరువు గట్టుపై వట్టి కాళ్లతో తిరిగే కూలీకి అరికాలిలో ముల్లు దిగితే తక్షణమే తెలుస్తుంది. ఏళ్ల తరబడి చక్కెర వ్యాధి ఉన్నవారిలో చాలామందికి తెలియదు. నరాలు మొద్దుబారిన పాదం నొప్పిని పసిగట్టలేదు. చెప్పు తడిసిందనో, వాసన వస్తోందనో చూసుకునేసరికి పుండు లోతుకు దిగి ఉంటుంది. అప్పటికీ ఆసుపత్రి గుర్తుకు రాదు. పసుపో, కాఫీ పొడో అద్ది, ఎండితే మానుతుందని ఎదురు చూస్తారు. చక్కెర వ్యాధిగ్రస్తులకు కాలు తొలగించాల్సిన పరిస్థితి నూటికి 80కి పైగా సందర్భాల్లో ఇలాంటి పాదం పుండుతోనే మొదలవుతోంది.

పుండు ఎండాలన్న నమ్మకం ఒక్క పల్లెలదే కాదు. ఒకప్పుడు వైద్యులదీ అదే. జార్జి వింటర్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త 1962లో దానిని తారుమారు చేశారు. పందుల చర్మంపై పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేశారు. మరికొన్నింటిని పాలిథిన్ పొరతో కప్పారు. కప్పిన గాయాలపై కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరచుకుంది. పక్కు కట్టిన గాయంలో కొత్త కణాలు ఎండిన పొర అడుగున దారి చేసుకుంటూ పోవాలి. తేమ ఉంటే ఆ శ్రమ లేదు.

అయితే తేమ వేరు, రసి మడుగు వేరు. రసి నిలిచిపోతే చుట్టూ ఉన్న మంచి చర్మం నాని, తెల్లబడి, చిట్లిపోతుంది. గాజు గుడ్డ రసిని పీలుస్తుంది కానీ ఎండి పుండుకు అతుక్కుపోతుంది. మర్నాడు లాగితే అప్పుడే పుట్టిన లేత కండ సైతం దానితో ఊడి వస్తుంది. కట్టు మార్పించుకోవడమంటే రోగులు హడలిపోయేది ఇందుకే.

పరుపుకు తోబుట్టువే

ఈ చిక్కును తీర్చడానికి వచ్చినదే ఫోమ్ పట్టీ. ఇందులో ఎక్కువగా వాడే పాలీయురిథేన్‌ను 1937లో జర్మనీలో ఆటో బేయర్ బృందం కనుగొంది. ఐసోసైనేట్, పాలియాల్ అనే రెండు రకాల రసాయనాలు కలిస్తే పొడవాటి గొలుసులుగా అల్లుకుంటాయి. వాటికి కాస్త నీరు చేరిస్తే ఐసోసైనేట్‌తో చర్య జరిగి బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. పులిసిన ఇడ్లీ పిండి మాదిరిగా ఆ మిశ్రమం పొంగి, బుడగలతో సహా గట్టిపడుతుంది. సోఫా దిండు, పరుపు, పుండు పట్టీ ఒకే కుటుంబానివి. అలాగని పరుపు ముక్క కోసి కట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అది శుద్ధి చేసినదీ కాదు, నీటితో పొత్తు కుదిరేదీ కాదు.

అసలు కిటుకు ఆ పొత్తులోనే ఉంది. పాలియాల్‌లో ఇథిలీన్ ఆక్సైడ్ పాళ్లు పెంచితే ఫోమ్ గోడలే నీటిని ఆకర్షించే గుణాన్ని సంతరించుకుంటాయి. అప్పుడు రసి రంధ్రాల్లోకి ఎక్కి అక్కడే నిలుస్తుంది. అడుగున సిలికోన్ పొర అతికిస్తే పొడి చర్మాన్ని మెత్తగా పట్టుకుంటుంది, తడి పుండును మాత్రం అంటదు. పైన ఉండే పలుచని పొర ఆవిరిని బయటికి పంపుతుంది. బయటి నీటిని, సూక్ష్మక్రిములను లోనికి రానివ్వదు. రసి తక్కువైతే ఇలాంటి పట్టీని వారం వరకు ఉంచే వీలుంది. గాజు గుడ్డ కన్నా ధర ఎక్కువే అయినా, కట్టు కోసం రోజూ పట్నానికి వెళ్లి కూలి పోగొట్టుకునే వారు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

కొన్ని ఫోమ్‌లలో వెండి లవణాలు కలుపుతారు. రసి తగలగానే వెండి అయాన్లు విడుదలై సూక్ష్మక్రిములను చంపుతాయి. మరికొన్నింటిలో ధనావేశం గల పీహెచ్ఎంబీ అనే పాలిమర్ ఉంటుంది. ఇది క్రిముల పైపొరను ఛేదిస్తుంది. పాలీవినైల్ ఆల్కహాల్ ఫోమ్ దారి వేరు. ఫార్మాల్డిహైడ్‌తో దాని గొలుసులకు ముడులు వేస్తారు. పొడిగా ఉంటే చెక్కలా గట్టిగా, తడిపితే మెత్తగా ఉంటుంది. దీనికి మిథిలీన్ బ్లూ, జెన్షన్ వయొలెట్ పట్టించిన రకం కూడా ఉంది. ఒకనాటి సర్కారు దవాఖానాల ఊదా రంగు మందు స్పంజులో చేరి మళ్లీ వచ్చిందన్నమాట.

అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ వైద్యులు అర్జెంటా, పరిశోధకుడు మొరిక్వాస్ 1997లో మరో పద్ధతిని వెల్లడించారు. పుండులో ఫోమ్ నింపి, పైన గాలి చొరకుండా పొర అతికించి, చిన్న యంత్రంతో 125 మిల్లీమీటర్ల పాదరస పీడనం మేర లోపలి నుంచి పీలుస్తారు. పెద్ద పుండ్లకు ఇది బాగా ఉపకరిస్తోంది. ఎన్ని ముక్కలు లోపల పెట్టారో లెక్క రాసుకోవడం తప్పనిసరి. ఒక్క ముక్క మిగిలినా చీము పట్టే ప్రమాదం ఉంది.

ఖరీదైన పట్టీ ఒక్కటే చాలదు

వెండి పేరు వినగానే మేలైనదని అనుకోనక్కర్లేదు. సిరల లోపంతో వచ్చే కాలి పుండ్లపై బ్రిటన్‌లో జరిపి 2009లో వెల్లడించిన వల్కన్ పరిశోధనలో వెండి పట్టీలు మామూలు పట్టీల కన్నా మెరుగని తేలలేదు. చక్కెర వ్యాధి పాదాలపై పనిచేసే అంతర్జాతీయ బృందం సైతం పుండు మానడం కోసమే క్రిమినాశక పట్టీలు వాడవద్దని 2023 మార్గదర్శకాల్లో సూచించింది. ఇతర పట్టీల కన్నా ఫోమ్ త్వరగా మాన్పుతుందనడానికి కూడా 2013 నాటి కాక్రేన్ సమీక్షకు ఆధారం దొరకలేదు. ఫోమ్ వల్ల కలిగేది ప్రధానంగా సౌకర్యమే. నొప్పి తక్కువ, కట్టు మార్చే పని తక్కువ. పుండు మానాలంటే చచ్చిన కండను తొలగించాలి, కాలికి రక్తం అందుతోందో లేదో చూడాలి, చక్కెర అదుపులో ఉండాలి. అన్నింటికీ మించి పుండుపై బరువు పడకూడదు. ఎంత విలువైన పట్టీ కట్టినా అదే కాలితో గట్ల మీద నడిస్తే ఫలితం శూన్యం.

ఊళ్లలో కట్లు కట్టేవారి సంచిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తప్పక కనిపిస్తుంది. నురగ వస్తే క్రిములు చచ్చాయని నమ్మకం. పెరాక్సైడ్, హైపోక్లోరైట్ వంటివి పాలీయురిథేన్‌ను విచ్ఛిన్నం చేయగలవు కనుక ఫోమ్ పట్టీతో వాటిని వాడకూడదు. సెలైన్‌తో కడిగితే సరిపోతుంది. రసి లేని ఎండు పుండుకు, నల్లగా మాడిన చర్మానికి ఈ పట్టీలు తగవు. పాదం ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా, వేలు నల్లబడినా పట్టీతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేరాలి.

ఈ ప్రాంతానికి దగ్గరి సంగతి మరొకటి ఉంది. రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో మిగిలే పెంకుల్లో కైటిన్ ఉంటుంది. దానిని గాఢ కాస్టిక్ సోడాతో మరిగిస్తే కైటోసాన్ వస్తుంది. దాని ధనావేశం రుణావేశం గల రక్తకణాలను, సూక్ష్మక్రిములను లాగి పట్టుకుంటుంది. కైటోసాన్‌తో చేసిన రక్తం ఆపే పట్టీకి అమెరికాలో 2002లోనే అనుమతి లభించగా, ఆ దేశ సైనికులు యుద్ధరంగంలో వాడారు. దానినే ఫోమ్ గోడలకు అతికించే ప్రయత్నాలు పరిశోధనశాలల్లో సాగుతున్నాయి.