పర్యావరణం - తెలుసుకునే హక్కు

పీల్చే గాలిలోని విషవాయువులు, తాగే నీటిలో కరిగిన రసాయనాలు చాలావరకు కంటికి కనిపించవు. ప్రమాదాన్ని పసిగట్టడానికి మన ఇంద్రియాలు చాలనప్పుడు మనల్ని కాపాడగలిగేది సమాచారమే. గాలిని, నీటిని పరీక్షించే బాధ్యత ప్రధానంగా ప్రభుత్వ సంస్థలది. ఆ పరీక్షల ఫలితాలు దస్త్రాలకే పరిమితమైతే ప్రజలకు ఒనగూడే మేలు స్వల్పం.

1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి భోపాల్ నగరంలోని ఒక క్రిమిసంహారక మందుల కర్మాగారం నుండి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడింది. వేలాదిమంది అసువులు బాశారు. కర్మాగారం చెంతనే నివసించే పేదలకు లోపల నిల్వ ఉన్న రసాయనం ఎంతటి ప్రాణాంతకమో తెలియదు. బాధితులకు ఏ చికిత్స చేయాలో వైద్యులకు సైతం వెంటనే బోధపడలేదు. ఆ రాత్రి విషవాయువుతోపాటు సమాచార లోపం కూడా ప్రాణాలను బలిగొన్నది.

ఆ విషాదం నేర్పిన పాఠంతో 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల వివరాలను కార్మికులకు, పరిసర ప్రజలకు తెలియజేయాలని యాజమాన్యాలను ఆదేశించారు. ప్రభుత్వాల వద్ద ఉన్న పర్యావరణ సమాచారం ప్రతి వ్యక్తికీ తగినవిధంగా అందుబాటులో ఉండాలని 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ప్రకటించింది.

అయితే చట్టాలు ఉన్నంతమాత్రాన రక్షణ లభించదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని వెంకటాపురం వద్ద ఒక కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఆ సమయంలో ప్రజలను హెచ్చరించే సైరన్‌ను మోగించలేదని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తేల్చింది. అందువల్ల ప్రమాదానికి ముందే వివరాలు అడిగి తెలుసుకోవడం అవసరం.

ఇందుకు 2005 నాటి సమాచార హక్కు చట్టం మార్గం చూపింది. ఒక గ్రామంలోని చెరువులోకి పరిశ్రమ వ్యర్థజలాలు చేరుతున్నాయని అనుమానం కలిగిందనుకుందాం. ఆ గ్రామస్థులు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. పరిశ్రమకు ఏ షరతులపై అనుమతి ఇచ్చారు? నీటి నమూనాలను ఎప్పుడు పరీక్షించారు? ఫలితాలేమిటి? ఏ చర్యలు తీసుకున్నారు? ఈ విధంగా సూటిగా అడగాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు. సాధారణంగా 30 రోజులలోగా, ప్రాణరక్షణకు సంబంధించినదైతే 48 గంటలలోగా సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి, ఆ తరువాత సమాచార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. వ్యాపార రహస్యమన్న కారణంతో కొన్ని వివరాలను నిరాకరించే వీలున్నా, విశాల ప్రజాప్రయోజనం ముఖ్యమనిపిస్తే వాటినీ వెల్లడించవలసిందే.

పర్యావరణాన్ని పరిరక్షించడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం పేర్కొంటున్నది. తన ఊరి గాలి, నీరు ఏ స్థితిలో ఉన్నాయో తెలియని పౌరుడు ఆ విధిని నిర్వర్తించలేడు. ప్రమాదం జరిగాక వెలువడే నివేదిక పోయిన ప్రాణాలను తిరిగి తేలేదు. సకాలంలో అడిగిన ఒక ప్రశ్న ఒక ఊరినే కాపాడవచ్చు. అట్టి ప్రశ్నను అడిగే వివేకాన్ని, ధైర్యాన్ని విద్యార్థులు ఇప్పటినుండే అలవరచుకోవాలి.