జ్ఞానోత్పత్తి - ప్రామాణ్యం : లూడ్విక్ ఫ్లెక్ విజ్ఞానతత్త్వ విచారం

జ్ఞానానికి ప్రామాణ్యం ఎట్లా కలుగుతుంది, అది ప్రమాణమని మనకెట్లా తెలుస్తుంది అనే రెండు ప్రశ్నలను మన దార్శనికులు 'ఉత్పత్తి', 'జ్ఞప్తి' అనే పేర్లతో విడదీసి విచారించిన సంగతి విజ్ఞులకు విదితమే. మీమాంసకులు ఈ రెండింటిలోనూ ప్రామాణ్యం స్వతస్సిద్ధమన్నారు. నైయాయికులు ఉత్పత్తిలో కారణగుణాన్ని, జ్ఞప్తిలో సఫలప్రవృత్తిని అపేక్షించి పరతఃప్రామాణ్యాన్ని ప్రతిపాదించారు. ఇరవయ్యవ శతాబ్దిలో పాశ్చాత్య విజ్ఞానతత్త్వవేత్తలు కూడ ఇటువంటి విభాగాన్నే మరొక రూపంలో చేసుకొన్నారు. 1938లో హాన్స్ రైఖెన్‌బాఖ్ విజ్ఞానవిచారంలో 'ఆవిష్కార సందర్భం', 'సమర్థన సందర్భం' అని రెండింటిని వేరు చేశాడు. ఒక సిద్ధాంతం ఏ దేశంలో, ఏ ఒత్తిడుల నడుమ, ఎవరి మనస్సులో పుట్టిందనేది మొదటిది. దానికి యుక్తిబలం ఉన్నదా లేదా అనేది రెండవది. మొదటిది చరిత్రకారులకు, సమాజశాస్త్రజ్ఞులకు చెందినది. రెండవది మాత్రమే తత్త్వవేత్తలకు చెందినది అని ఈ విభాగ ఫలితం.

ఈ హద్దు నిలిచేదేనా? విజ్ఞానం సమాజంలో పుట్టిందని నిరూపిస్తే దాని ప్రామాణ్యానికి హాని కలుగుతుందా? ఈ ప్రశ్నను స్వానుభవంతో శోధించిన వైద్యశాస్త్రజ్ఞుడు లూడ్విక్ ఫ్లెక్. ఆయన విచారాన్ని మన ప్రామాణ్యవాద పరిభాష సహాయంతో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పూర్వరంగం

1920, 1930 దశకాల్లో వియన్నా వర్గానికి చెందిన తత్త్వవేత్తలు విజ్ఞానాన్ని ప్రధానంగా వాక్యాల సముదాయంగా గ్రహించి, వాటి తార్కికనిర్మాణాన్ని విశ్లేషించారు. అదే కాలంలో మరొక ధోరణి కూడ బయలుదేరింది. 1931లో లండన్‌లో జరిగిన విజ్ఞానచరిత్ర మహాసభలో సోవియట్ పండితుడు బోరిస్ హెస్సెన్, న్యూటన్ 'ప్రిన్సిపియా'కు నాటి నౌకాయానం, గనులు, యుద్ధతంత్రం మొదలైన అవసరాలతో గల సంబంధాన్ని వివరించాడు. 1938లో రాబర్ట్ మెర్టన్ పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో విజ్ఞానాభివృద్ధికి, మతనిష్ఠకు, ఆర్థికావసరాలకు గల అనుబంధాన్ని గ్రంథరూపంలో పరిశీలించాడు. వియన్నా వర్గం విజ్ఞానం లోపలి నిర్మాణాన్ని చూడగా, హెస్సెన్, మెర్టన్‌లు ప్రధానంగా దాని బయటి పరిసరాన్ని చూశారని స్థూలంగా చెప్పవచ్చు. సామాజికత విజ్ఞానం లోపలికే, ఒక వాస్తవాన్ని వాస్తవంగా గుర్తించే చూపులోకే ప్రవేశిస్తుందని చెప్పినవాడు ఫ్లెక్.

ఫ్లెక్ 1896లో ల్వూవ్ నగరంలో జన్మించాడు. ఆ నగరం నాడు ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో ఉండేది, నేడు ఉక్రెయిన్‌లో ఉన్నది. వైద్యవిద్య ముగించి, టైఫస్ జ్వరంపై పరిశోధించిన రుడాల్ఫ్ వైగ్ల్ వద్ద కొంతకాలం పనిచేశాడు. పేల ద్వారా వ్యాపించే ఈ టైఫస్ వేరు, మనకు పరిచితమైన టైఫాయిడ్ వేరు. ఒక వైజ్ఞానిక వాస్తవం ఎట్లా ఆవిర్భవించి వికసిస్తుందో నిరూపించే ఆయన జర్మన్ గ్రంథం 1935లో బాసెల్ నగరంలో వెలువడింది. అది చాలాకాలం విస్మృతంగానే ఉండిపోయింది. 1962లో థామస్ కూన్ తన ప్రసిద్ధ గ్రంథపీఠికలో, తన భావాల్లో అనేకం ఫ్లెక్ ముందే సూచించాడని అంగీకరించిన తరువాతనే పండితుల దృష్టి అటు మళ్లింది. 1979లో ఆంగ్లానువాదం వచ్చింది.

ఒక వాస్తవం పుట్టుక

ఫ్లెక్ ఎన్నుకొన్న ఉదాహరణం సిఫిలిస్ వ్యాధి, దానిని గుర్తించే వాసర్‌మన్ రక్తపరీక్ష. పదిహేనవ శతాబ్ది చివర ఐరోపాలో ఈ వ్యాధి విజృంభించినప్పుడు 1484లో జరిగిన గురుశనుల సమాగమమే దీనికి కారణమని జ్యోతిష్కులు చెప్పారు. మతబోధకులు దీనిని కామదోషానికి దైవదండనమన్నారు. వైద్యులు పాదరసచికిత్సకు లొంగే వ్యాధిగా నిర్వచించారు. ఒక దేశంవారు దీనిని మరొక దేశం పేరుతో పిలిచారు. ఫ్రెంచివారి రోగమని కొందరు, నేపుల్స్ రోగమని మరికొందరు. మన దేశంలోనూ భావమిశ్రుడు పదహారవ శతాబ్దికి చెందిన 'భావప్రకాశం'లో దీనిని 'ఫిరంగరోగ'మనే పేరుతోనే వర్ణించి రసకర్పూరాన్ని విధించడం ఇక్కడ గమనార్హం. వ్యాధి పేరులోనే దానిని తెచ్చినవారెవరన్న సామాజికనిర్ణయం ఇమిడి ఉన్నది.

ఈ నానావిధ భావాల్లో రోగి రక్తం చెడిపోతుందన్న భావం శతాబ్దాలపాటు నిలిచింది. దానికి రుజువు లేదు. అయినా రక్తంలోనే ఏదో వెదకాలన్న ప్రేరణ పరిశోధకులను విడువలేదు. 1905లో షౌడిన్, హాఫ్‌మన్‌లు ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. 1906లో ఆగస్ట్ వాసర్‌మన్, నైసర్, బ్రుక్‌లు రక్తపరీక్షను ప్రకటించారు. ఈ పరిశోధనకు వాసర్‌మన్‌ను ప్రోత్సహించినవాడు ఆల్ట్‌హాఫ్ అనే ప్రష్యా ప్రభుత్వాధికారి. సిఫిలిస్ పరిశోధనలో ఫ్రెంచివారు ముందంజ వేస్తున్నారన్న జాతీయస్పర్ధ ఇందుకు ఒక ప్రేరకమని ఫ్లెక్ చూపించాడు.

పరీక్షలోని ప్రక్రియను స్థూలంగా ఇట్లా చెప్పవచ్చు. రోగి రక్తరసాన్ని ఒక అవయవసారంతో కలుపుతారు. అందులో వ్యాధిసంబంధమైన ప్రతిచర్య జరిగితే, రక్తకణాలను కరిగించే ఒక సహాయకద్రవ్యం ఖర్చయిపోతుంది. పిదప చేర్చిన ఎర్రకణాలు కరగకపోతే వ్యాధి ఉన్నట్లు, కరిగితే లేనట్లు నిర్ణయిస్తారు. రోగగ్రస్తమైన అవయవసారంలో వ్యాధిజనకపదార్థం ఉన్నది గనుకనే ఈ పరీక్ష ఫలిస్తున్నదని మొదట నమ్మారు. కాని ఆరోగ్యవంతమైన అవయవాల నుండి, పశువుల గుండె నుండి తీసిన సారాలు కూడ అదే ఫలితమిస్తాయని కొద్దికాలంలోనే తేలింది. అంటే మూలయుక్తి నిలువలేదు, పరీక్ష నిలిచింది. మొదట నూటికి 15-20 రోగులలో మాత్రమే వ్యాధిని చూపిన పరీక్ష, అనేక ప్రయోగశాలల్లో అజ్ఞాత సహాయకుల పాళ్ల సవరింపులవల్ల 70-90 వరకు చూపగలిగిందని ఫ్లెక్ పేర్కొన్నాడు. ఆ నేర్పు ఏ ఒక్కరి సొత్తూ కాదు. తరువాతి కాలంలో వాసర్‌మన్ తన పరిశోధనను స్మరిస్తూ, గమ్యం తొలినుండి తనకు స్పష్టంగా కనపడినట్లే చెప్పాడు. సిద్ధించిన ఫలం సాధకుని స్మృతిని కూడ సంస్కరిస్తుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

చింతనశైలి - చింతకసముదాయం

ఈ చరిత్ర నుండి ఫ్లెక్ రెండు భావనలను నిష్పాదించాడు. పరస్పరం భావవినిమయం చేసుకొనేవారి సమూహం 'చింతకసముదాయం'. ఆ సమూహంలో ఏది ప్రశ్న, ఏది సమాధానం, ఏది కంటికి కనపడదగినది అని నిర్ణయించే సంస్కారం 'చింతనశైలి'. సూక్ష్మదర్శినిలో తొలిసారి చూచే విద్యార్థికి రంగుల కలగాపులగం తప్ప వేరేమీ తోచదు. అభ్యాసం చేసిన తరువాత సూక్ష్మజీవి స్పష్టంగా కనపడుతుంది. అప్పుడు కనపడకుండ చూడడం అతనికి సాధ్యం కాదు. రత్నపరీక్షకుని చూపు, స్వరజ్ఞుని వినికిడి ఇట్టివే. కాబట్టి జ్ఞానక్రియను జ్ఞాత, జ్ఞేయం అనే రెండింటితోనే వివరించడం చాలదని, జ్ఞాతకు చూపునిచ్చిన సముదాయాన్ని మూడవ అంగంగా గ్రహించాలని ఫ్లెక్ మతం.

అట్లయితే సత్యమనేది సముదాయపు సమ్మతి మాత్రమేనా అన్న ఆక్షేపం వెంటనే వస్తుంది. ఫ్లెక్ దీనిని అంగీకరించలేదు. ఆయన జ్ఞానంలో సక్రియ, నిష్క్రియ సంబంధాలను వేరు చేశాడు. ఆక్సిజన్ పరమాణుభారాన్ని 16గా తీసికొనడం మన ఎన్నిక, అది సక్రియాంశం. ఆ ఎన్నిక జరిగిన పిదప హైడ్రోజన్ భారం 1.008 అని అంగీకరించక తప్పదు. అది నిష్క్రియాంశం, మన ఇచ్ఛకు లొంగదు. సముదాయం ప్రశ్నను ఎన్నుకొంటుంది, సమాధానాన్ని తన ఇష్టప్రకారం ఎన్నుకొనజాలదు.

కారాగారంలోని ప్రయోగశాల

ఈ సిద్ధాంతానికి కఠినపరీక్ష ఫ్లెక్ జీవితంలోనే ఎదురైంది. 1941లో జర్మన్ సైన్యం ల్వూవ్‌ను ఆక్రమించింది. యూదుల నిర్బంధవాడలో ఉంటూనే ఆయన రోగుల మూత్రం నుండి టైఫస్ టీకాను తయారుచేశాడు. 1943లో ఆయనను ఆష్విట్జ్ నిర్బంధశిబిరానికి, తరువాత బుఖెన్‌వాల్డ్‌కు తరలించారు. అక్కడ ఎస్.ఎస్. వైద్యాధికారి డింగ్-షూలర్ ఆధిపత్యంలో ఖైదీలచేత కుందేళ్ల ఊపిరితిత్తుల నుండి టైఫస్ టీకా చేయిస్తున్నారు.

ఆ ఖైదీల్లో విద్యావంతులున్నారు. టైఫస్ జీవిని గుర్తించడంలో అనుభవజ్ఞులు మాత్రం లేరు. వారు గ్రంథాల్లోని వర్ణనలతో పోల్చుకొంటూ సూక్ష్మదర్శినిలో చూశారు. ఒకరు చూచినదానిని మరొకరు బలపరిచారు. సందేహాలకు సమాధానాలు కల్పించుకొన్నారు. చివరకు టైఫస్ జీవి దొరికిందని అందరూ ఏకకంఠంగా నిశ్చయించారు. ఫ్లెక్ వచ్చి చూడగా, అవి రక్తంలోని తెల్లకణాల రేణువులని తేలింది. అంతవరకు తయారైన టీకా నిష్ప్రయోజనం. ఈ సంగతిని ఖైదీలు అధికారులకు తెలియనివ్వలేదు. ఎస్.ఎస్. దళానికి ఆ పనికిరాని టీకానే పంపుతూ, పనిచేసే టీకాను స్వల్పంగా తయారుచేసి తోటి ఖైదీలకు రహస్యంగా ఇచ్చారు. 1945 ఏప్రిల్‌లో శిబిరం విముక్తమైంది. మరుసటి సంవత్సరమే ఫ్లెక్ ఈ అనుభవాన్ని ఒక పోలిష్ పత్రికలో విజ్ఞానతత్త్వ సమస్యగా విశ్లేషించాడు. తరువాత ఇజ్రాయెల్ చేరి 1961లో మరణించాడు.

సంవాదిభ్రమ - విసంవాదిభ్రమ

ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచి చూస్తే, 'పంచదశి' ధ్యానదీపప్రకరణంలోని ప్రసిద్ధ దృష్టాంతం స్ఫురిస్తుంది. మణికాంతిని చూచి అదే మణి అనుకొని పరుగెత్తినవాడికి మణి దొరుకుతుంది. దీపకాంతిని చూచి మణి అనుకొన్నవాడికి దొరకదు. ఇద్దరిదీ భ్రమయే, మొదటివానిది సంవాదిభ్రమ, రెండవవానిది విసంవాదిభ్రమ. వాసర్‌మన్ బృందం తప్పుయుక్తితో బయలుదేరి ఉపయుక్తమైన పరీక్షను చేరింది. బుఖెన్‌వాల్డ్ బృందం శ్రద్ధతో, ఏకాభిప్రాయంతో శూన్యాన్ని చేరింది.

దృష్టాంతంలో భేదానికి కారణం కాంతి ఎక్కడిదన్నది మాత్రమే. ఇక్కడ మరొక కారణం కూడ కనపడుతుంది. వాసర్‌మన్ పరీక్ష ప్రకటితమైన వెంటనే దానితో సంబంధం లేని ప్రయోగశాలలు దానిని తిరిగి చేశాయి, ఆక్షేపించాయి, సవరించాయి. మలేరియా, కుష్ఠు మొదలైన వ్యాధుల్లో అది తప్పుగా సూచించే సందర్భాలను కూడ బయటపెట్టాయి. బుఖెన్‌వాల్డ్ బృందానికి ఆ అవకాశం లేదు. ఫలితం చూపకపోతే ప్రాణానికే ముప్పు. బయటివాడు రాడు, వచ్చినా నోరు విప్పలేడు. వారి భ్రమకు కారణం వారు సమాజంగా ఏర్పడడం కాదు, వారి సమాజానికి ద్వారాలు మూసి ఉండడం. ఆ భ్రమను తొలగించినది కూడ మరొక సముదాయంలో శిక్షితమైన చూపే.

నైయాయికులు చెప్పిన సఫలప్రవృత్తి కూడ ఇక్కడ జాగ్రత్తగా వాడవలసిన లింగమని తేలుతుంది. పరీక్ష ఫలించింది గనుక దాని మూలయుక్తి యథార్థమని అనుమానిస్తే వ్యభిచారం వస్తుంది. బుఖెన్‌వాల్డ్‌లోనైతే సాఫల్యాన్ని నిర్ణయించవలసినవారే భ్రాంతులు. కాబట్టి ఉత్పత్తి, జ్ఞప్తి అనే విభాగం ఉపయుక్తమే అయినా, జ్ఞప్తికి కూడ ఒక సామాజికాధారం కావాలనేది ఫ్లెక్ విచారం నుండి మనం గ్రహించదగిన అంశం. సామాజికసందర్భాన్ని తెలిసికొనడం విజ్ఞానాన్ని కించపరచడం కాదు. అది దాని ప్రామాణ్యాన్ని పరీక్షించే విధానంలోని భాగమే.

ఈ విచారం ప్రయోగశాలలకే పరిమితం కాదు. ప్రాచ్యవిద్యారంగంలో పాఠపరిష్కరణ చేసేవారికి ఇది నిత్యానుభవం. పది తాళపత్రప్రతుల్లో ఒకే పాఠం కనపడినా, ఆ పదీ ఒకే మాతృక నుండి వచ్చినవైతే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యమే. ఒక సంప్రదాయంలో పదిమంది పండితుల సమ్మతికి కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షికి శాశ్వతమైన ఆసనం ఉన్నది. అతడు పలికే ప్రతి మాటా సిద్ధాంతి వ్రాసి ఇచ్చినదే అయినప్పుడు ఆ ఆసనం అలంకారమాత్రమవుతుంది. నిజమైన పూర్వపక్షి బయటినుండి రావాలి. అతనికి ప్రవేశం, మాట్లాడే స్వేచ్ఛ ఉన్న సభలోనే సిద్ధాంతం ప్రామాణ్యాన్ని నిలుపుకోగలదు.